సెలవుల రద్దీలో వినోదయాత్ర: ఆపుకోరాని వేగాలు, ఆపుకోవలసిన వేగాలు

ప్రతి సంవత్సరం మే నెల ఆఖరి వారంలోనూ, జూన్ మొదటి పక్షంలోనూ నా వైద్యశాలకు ఒక తరహా రోగులు ఎక్కువగా వస్తుంటారు. మూత్రంలో మంటతో బాధపడే గృహిణులు, వాంతులతో నీరసించిన పిల్లలు, తలనొప్పీ కాళ్ళవాపూ తగ్గని పెద్దవారు. నాడి చూసిన తరువాత "ఈ మధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా?" అని అడుగుతాను. "పిల్లలకు సెలవులు కదండీ, హైదరాబాదు వెళ్ళి థీమ్ పార్కు చూసి వచ్చాము" అన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది.

వినోదానికి వెళ్ళినవారు వ్యాధితో ఎందుకు తిరిగి వస్తున్నారు? ఎండ వల్ల అని కొందరు, బయటి తిండి వల్ల అని కొందరు, నీళ్ళు పడక అని కొందరు అంటారు. ఇవన్నీ కొంతవరకు నిజమే. కానీ వీటన్నిటికీ మూలమైన కారణం మరొకటి ఉన్నది. దానిని నేను గురుకులంలో పదిహేనేళ్ళ వయసులోనే కంఠస్థం చేశాను. అయినా దాని అర్థం నాకు పూర్తిగా బోధపడినది మాత్రం 2023 మే నెలలో, నా సొంత కుటుంబంతో ఒక వినోదోద్యానానికి వెళ్ళి వచ్చిన తరువాతనే. ఆ అనుభవాన్ని దాచకుండా చెప్పి, రద్దీ రోజులలో ఇటువంటి యాత్రను ఏ విధంగా నిర్వహించుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మా ఇంటి అనుభవం

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మనవడికి తొమ్మిదేళ్ళు, మనవరాలికి ఆరేళ్ళు. ఆ వేసవిలో ఒక ఆదివారం ఆరుగురం కలిసి బయలుదేరాము. ఏ పార్కు అన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే జరిగిన పొరపాటు నాది. ఇంట్లో ఆలస్యమై పదకొండు గంటలకు చేరుకున్నాము. అప్పటికే ద్వారం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. లోపల ప్రతి రైడు ముందూ పాములా మెలికలు తిరిగిన క్యూ.

నా సహధర్మచారిణికి పదేళ్ళుగా మధుమేహం ఉన్నది. ఉదయం కాఫీ తప్ప ఆమె మరేమీ తాగలేదని నాకు తెలియదు. మన ఇళ్ళలో ఆడవారు ప్రయాణమంటే నీళ్ళు మానేస్తారు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో అన్న జంకు వారికి చిన్ననాటి నుంచీ అలవాటైపోయింది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆమె ముఖం వాడిపోవడం గమనించి "నీళ్ళు తాగావా?" అని అడిగాను. "తాగానులెండి" అన్నది. "ఒకసారి అలా వెళ్ళి వస్తావా?" అన్నాను. "ఇప్పుడు వెళితే వరుస పోతుంది. మళ్ళీ మొదటికి రావాలి. పిల్లవాడు ఏడుస్తాడు" అన్నది.

వైద్యుడినైన నేను ఆ మాట విని ఏం చేశాను? చేతిలోని టిక్కెట్లు చూసుకుని, ఇంత సొమ్ము పోసి వచ్చాము గదా, సాయంత్రంలోగా ఇంకా ఎన్ని రైడ్లు ఎక్కించగలమా అని లెక్క వేసుకున్నాను. ఆమె ఆ వరుసలో మరొక గంటసేపు నిలబడింది.

ఆ రాత్రి మూత్రంలో మంట మొదలైంది. బార్లీ నీరు, పల్లేరు కాయల కషాయం ఇచ్చాను. తెల్లవారుజామున వణుకుతో జ్వరం, నడుము పైభాగంలో నొప్పి. ఇంకొక మోతాదు కషాయం కాచబోతుండగా మా కోడలు వంటింట్లోకి వచ్చి "మామయ్యగారూ, ఇక ఆలోచించవద్దు, కారు తీయిస్తున్నాను" అన్నది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్ మూత్రపిండం వరకు పాకినదని చెప్పారు. నాలుగు రోజులు నరంలోకి మందులు ఎక్కించవలసి వచ్చింది. అక్కడి వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నిన్న రోజంతా ఎన్ని నీళ్ళు తాగారు? ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారు?" నలభై ఏళ్ళుగా నేను నా రోగులను అడుగుతున్న ప్రశ్న అదే. నా పక్కన నిలబడిన మనిషిని అడిగి కూడా, అన్నమాట వినీ, పట్టించుకోలేదు.

శాస్త్రం ఏమంటున్నది?

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం ఈ విషయానికే కేటాయించబడింది. శరీరంలో సహజంగా పుట్టే 13 వేగాలను ఆపుకోరాదని అందులో చెప్పబడింది. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవల్ల కలిగే ఆయాసం అనేవి ఆ పదమూడు. వీటిని బలవంతంగా నిలిపితే వాతం తన మార్గం తప్పి, ఒక్కొక్క వేగానికి ఒక్కొక్క విధమైన వ్యాధిని కలిగిస్తుంది. మూత్రాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి. దప్పికను ఆపితే నోరెండుట, అలసట, గుండెలో బాధ. నిద్రను ఆపితే ఒళ్ళునొప్పులు, తలబరువు. ఆయాసాన్ని ఆపితే మూర్ఛ.

ఇప్పుడు సెలవు రోజున థీమ్ పార్కు క్యూలో నిలబడిన కుటుంబాన్ని ఊహించుకోండి. వరుస పోతుందని మూత్రం ఆపుతారు. మూత్రం వస్తుందని దప్పిక ఆపుతారు. ఈ రైడు అయిన తరువాత తిందామని ఆకలి ఆపుతారు. పిల్లలకు మధ్యాహ్నం కునుకు ఆపుతారు. పెద్దవారు ఆయాసపడుతూ పిల్లల వెంట పరుగెత్తుతారు. పదమూడింటిలో కనీసం అయిదింటిని ఒకే రోజు, ఒకే చోట, డబ్బు చెల్లించి మరీ నిరోధిస్తున్నారు.

చరకుడు అంతటితో ఆగలేదు. అదే అధ్యాయంలో, తప్పక ఆపుకోవలసిన వేగాలను కూడా చెప్పాడు. అవి మనస్సుకు సంబంధించినవి. లోభం, క్రోధం, భయం, ఈర్ష్య, శక్తికి మించిన సాహసం మొదలైనవి. పార్కులో మనం చేసేది సరిగ్గా తలకిందులు. టిక్కెట్టు సొమ్ము గిట్టుబాటు కావాలన్న లోభం, పక్కవారు ఎక్కిన రైడు మనవాడు ఎక్కలేదన్న ఈర్ష్య, క్యూలో ఎవరో ముందుకు దూరారన్న క్రోధం, గుండెజబ్బు ఉండి కూడా ఎత్తైన రైడు ఎక్కే సాహసం, వీటన్నిటినీ యథేచ్ఛగా వదిలిపెడతాము. ఆపవలసినవి వదిలి, వదలవలసినవి ఆపుతాము. వ్యాధికి మూలం ఇదే.

ఇది మనకే పరిమితమైన సమస్య కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్ అనే ఊరిలో 1955 జూలై 17న డిస్నీల్యాండ్ ప్రారంభమైంది. అప్పుడు ప్లంబర్ల సమ్మె జరిగినందువల్ల, తాగునీటి కుళాయిలూ మరుగుదొడ్లూ రెండింటినీ సకాలంలో సిద్ధం చేయడం సాధ్యం కాలేదు. ఏదో ఒకటే ఎంచుకోవలసి వస్తే, వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లను ఎంచుకున్నాడు. ఆ రోజు ఎండ 38 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉన్నది. పిలిచినవారికంటె చాలా ఎక్కువగా జనం వచ్చారు. తాగడానికి నీళ్ళు చాలక వారు పడిన అవస్థ నేటికీ చెప్పుకుంటారు. దప్పిక, మూత్రం అనే రెండు వేగాలలో ఒకదానిని వదులుకోవలసిన స్థితి ఆ పార్కుకు మొదటి రోజునే కలిగింది. నేడు పెద్ద పార్కులలో రెండు వసతులూ ఉన్నవి. వాటిని వాడుకోకుండా మనలను ఆపుతున్నది క్యూ, మన మనస్సు మాత్రమే.

ఏ ఋతువులో వెళ్ళాలి?

మన రాష్ట్రాలలో పిల్లలకు సెలవులు ముఖ్యంగా మూడు కాలాలలో వస్తాయి. వేసవి, దసరా, క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు. ఈ మూడింటిలోనూ రద్దీ ఉంటుంది, కానీ శరీరబలం మూడింటిలో ఒకే విధంగా ఉండదు.

వేసవి: ఆయుర్వేద మతానుసారం గ్రీష్మంలో దేహబలం అతి తక్కువగా ఉంటుంది. పంచాంగం ప్రకారం వైశాఖం వసంతంలో చేరినా, మన ప్రాంతపు ఎండను బట్టి ఏప్రిల్ ఆఖరు నుంచే గ్రీష్మచర్య పాటించాలి. ఈ ఋతువులో వ్యాయామం, ఎండ, పులుపు, ఉప్పు, కారం తగ్గించమని, చల్లని తీపి ద్రవాలు తీసుకోమని, పగటినిద్ర పోవచ్చునని శాస్త్రం చెప్పింది. మిగతా ఋతువులలో నిషిద్ధమైన పగటినిద్రను గ్రీష్మంలో అనుమతించారంటే శరీరం ఎంత క్షీణించి ఉంటుందో గ్రహించండి. సరిగ్గా ఆ రోజులలోనే మనం పిల్లలను రోజంతా ఎండలో నడిపిస్తున్నాము.

దసరా: ఇది శరదృతువు. వర్షాకాలంలో పోగైన పిత్తం ఎండ తగలగానే ప్రకోపిస్తుంది. తలనొప్పి, కళ్ళమంట, దద్దుర్లు సులభంగా వస్తాయి. బలం మధ్యమం. ఎండకు గొడుగు, కడుపుకు చలువ ఉంటే యాత్ర క్షేమమే.

క్రిస్మస్ సెలవులు: హేమంతంలో జఠరాగ్ని, దేహబలం రెండూ ఉత్తమంగా ఉంటాయి. ఎక్కువ నడవడానికి, ఎక్కువ తినడానికి, తిన్నది అరగడానికి ఇదే అనువైన కాలం. జలక్రీడలు మాత్రం మధ్యాహ్నపు ఎండలో ముగించాలి. తరచు జలుబు, ఉబ్బసం వచ్చే కఫప్రకృతి పిల్లలకు నీటి రైడ్లు తగ్గించాలి. వీలున్నవారు వేసవి యాత్రను ఈ కాలానికి మార్చుకోవడం మేలు.

వేసవిలోనే వెళ్ళవలసివస్తే శని ఆదివారాలు విడిచి వారం మధ్యలో, సాధ్యమైతే సెలవులు మొదలైన తొలిరోజులలో వెళ్ళండి.

బయలుదేరే ముందు

హైదరాబాదు చుట్టుపక్కల మన కుటుంబాలు ఎక్కువగా వెళ్ళే చోట్లు రెండు. 1996లో నెలకొల్పిన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి మీద ఉన్నది. ప్రపంచంలో అతి పెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందినది. అక్కడ బస్సులలో తిప్పి చూపుతారు గనుక పెద్దవారికి కొంత సులువు, అయినా దిగి నడవవలసిన దూరం తక్కువేమీ కాదు. 2016 ఏప్రిల్‌లో రావిర్యాలలో, బాహ్యవలయ రహదారికి సమీపంలో, వండర్లా ప్రారంభమైంది. అక్కడ నేలమీది రైడ్లూ, నీటి రైడ్లూ రెండూ ఉన్నాయి. సంక్రాంతికి ముందూ తరువాతా కొద్ది రోజులపాటు విజయవాడ రహదారి వాహనాలతో నిండిపోతుంది. ఆ రోజులలో ఆ దారిన విహారయాత్ర పెట్టుకోకుండా ఉండడం మంచిది.

ముందురోజే తెలుసుకోవలసినవి ఇవి. ద్వారాలు తెరిచే వేళ, నీటి రైడ్ల వేళ, ఏ రైడుకు ఎంత ఎత్తు ఉన్న పిల్లలను అనుమతిస్తారు, నీటిలోకి ఏ దుస్తులు ఉండాలి, రోగులకు, పసిపిల్లలకు ఇంటి ఆహారం అనుమతిస్తారా. బయటి తినుబండారాలను పార్కులు సాధారణంగా అనుమతించవు. మధుమేహం ఉన్నవారు వైద్యుని చీటీ వెంట ఉంచుకుని అడగాలి. టిక్కెట్టు ముందుగానే కొని ఉంచుకుంటే ద్వారం దగ్గర ఒక క్యూ తగ్గుతుంది. అదనపు రుసుముతో త్వరగా పంపే టిక్కెట్లు ఉన్న చోట, వాటిని విలాసంగా భావించవద్దు. పెద్దవారూ రోగులూ ఉన్న కుటుంబం రద్దీ రోజున పదిమందికి అయ్యే తినుబండారాల ఖర్చు తగ్గించుకునైనా ఆ సొమ్ము ఇటు పెట్టడం వివేకం.

ఎవరు రైడ్లు ఎక్కరాదు? గర్భిణి కుదుపుల వాహనాలు ఎక్కరాదని, లోతైన నూతులలోకీ అగాధాలలోకీ తొంగిచూడరాదని చరకుడు శారీరస్థానంలో హెచ్చరించాడు. నేటి రైడ్లలో ఈ రెండూ ఒకేసారి ఉన్నవి. గర్భిణులతోపాటు గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, మెడ నడుము ఎముకల బాధ ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వేగంగా తిరిగే, ఎత్తునుంచి పడే రైడ్లు ఎక్కరాదు. "ఒక్కసారికి ఏమవుతుంది?" అని బలవంతపెట్టేవారే ఎక్కువ. ఆపుకోవలసిన సాహసమంటే అదే.

మందుల విషయం: రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు కొందరు ప్రయాణం రోజున వాటిని తమంతట తామే మానేస్తారు. అది తప్పు. ఏ వేళకు మార్చి వేసుకోవాలో ముందుగా తమ వైద్యుని అడగాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని చల్లని సంచిలో ఉంచుకుని, భోజనవేళ క్యూవల్ల జరిగిపోకుండా చూసుకోవాలి. జేబులో పంచదార లేదా గ్లూకోజు పొట్లం తప్పనిసరి. ఒక్కసారిగా చెమట, వణుకు, తలతిరుగుడు వస్తే అది ఎండ అనుకోక వెంటనే దానిని నోట్లో వేసుకోవాలి.

ఆ రోజు దినచర్య

ఉదయం త్వరగా లేచి, కాలకృత్యాలు తొందర లేకుండా ముగించుకుని, ఇంట్లోనే తేలికైన ఫలహారం చేయండి. ఇడ్లీ లేదా పెసరకట్టుతో అన్నం చాలు. వేపుళ్ళు, పూరీలు వద్దు. ద్వారం తెరిచేసరికి అక్కడ ఉండడం అన్నిటికంటె ముఖ్యం. రద్దీ పెరగకముందు మొదటి రెండు గంటలలోనే పిల్లలు ఎక్కువగా కోరుకున్న రెండు మూడు రైడ్లు పూర్తి చేయించండి. లోపలికి వెళ్ళగానే మొదట చూడవలసినది రైడు కాదు. మరుగుదొడ్లు, తాగునీరు, నీడ, ప్రథమచికిత్స గది ఎక్కడున్నవో చూసుకోవాలి.

పన్నెండు నుంచి మూడున్నర వరకు ఎండలో క్యూ కట్టవద్దు. ఆ సమయం భోజనానికి, నీడకు, చల్లని గదులలో జరిగే ప్రదర్శనలకు కేటాయించండి. చిన్నపిల్లలూ పెద్దవారూ ఒక అరగంట కన్నుమూస్తే సాయంత్రం హాయిగా తిరుగుతారు. భోజనం చేసిన వెంటనే గిరగిర తిరిగే రైడు ఎక్కించడం వాంతికి ఆహ్వానం పలకడమే. కనీసం రెండు గంటలు వ్యవధి ఇవ్వండి.

ఎండలో కాగిన శరీరంతో ఒక్కసారిగా చల్లని నీటిలోకి దిగరాదు. చెమట ఆరేవరకు నీడలో కూర్చుని, మొదట కాళ్ళు చేతులు తడుపుకుని, అప్పుడు దిగాలి. మధుమేహం ఉన్నవారు వేడెక్కిన సిమెంటు నేలపై చెప్పులు లేకుండా నడవరాదు. పాదంలో స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. రాత్రికి అరికాళ్ళు తప్పక పరీక్షించుకోవాలి.

గంటకొక నియమం: గంట గడవగానే కుటుంబమంతా ఒకచోట చేరాలి. దప్పిక వేసినా వేయకపోయినా అందరూ తలా ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. రెండు గంటలకొకసారి, అవసరం అనిపించినా అనిపించకపోయినా, మరుగుదొడ్డికి వెళ్ళి రావాలి. క్యూలోకి ప్రవేశించేముందు ఈ రెండూ పూర్తికావాలి. నీళ్ళ పరిమితి విధించబడిన గుండె, మూత్రపిండ రోగులు మాత్రం తమ వైద్యుడు చెప్పిన కొలత పాటించాలి. ఈ నియమాన్ని ఇంటి యజమాని స్వయంగా అమలుపరచాలి. "మీరు వెళ్ళి రండి, నేను వరుసలో ఉంటాను" అనే మాట భర్త నోట రావాలి. ఆడవారు తమంతట తాము అడగరు.

వెంట ఉండవలసిన గృహౌషధాలు

1. ధనియాల నీరు: రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి రాత్రి ఒక గ్లాసు నీటిలో నానవేయాలి. ఉదయం వడకట్టి కొద్దిగా పటికబెల్లంతో తాగి బయలుదేరాలి. లోపలి వేడిని, దాహాన్ని తగ్గిస్తుంది. మధుమేహం ఉన్నవారు తీపి లేకుండా తాగాలి.

2. వట్టివేరు నీరు: శుభ్రంగా కడిగిన వట్టివేళ్ళను పలుచని గుడ్డలో కట్టి, కాచి చల్లార్చిన నీటిలో రాత్రంతా ఉంచి, ఆ నీటిని సీసాలలో నింపుకోవాలి.

3. మజ్జిగ: వెన్న తీసిన పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు, చిటికెడు ఉప్పు. భోజనంతోపాటు మంచిది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. ఎండలో గంటల తరబడి ఉంచిన మజ్జిగ తాగరాదు.

4. శొంఠి: తిరిగే రైడ్లన్నా, బస్సు ప్రయాణమన్నా కడుపులో తిప్పేవారు అరగంట ముందు పావు చెంచా శొంఠిపొడి గోరువెచ్చని నీటితో తీసుకోవాలి. పిల్లలకు చిటికెడు పొడి బెల్లంతో చాలు. కడుపులో పుండ్లు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగనిదే వాడరాదు.

5. పేలాల నీరు: వాంతులైన పిల్లలకు గుప్పెడు వరిపేలాలు గ్లాసు నీటిలో నానబెట్టి, వడకట్టి, చెంచా చెంచాగా పట్టాలి. వాంతికి, దప్పికకు మన శాస్త్రం చెప్పిన మృదువైన ఔషధం ఇది.

6. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు: ఇది ఆయుర్వేదమా, అల్లోపతీయా అని ఆలోచించవద్దు. పొట్లం మీద చెప్పిన కొలత నీటిలోనే కలపాలి. దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చును. ఉప్పు ఎక్కువ కారాదు.

జలక్రీడల తరువాత కళ్ళు ఎరుపెక్కితే చల్లని శుభ్రమైన నీటితో కడగడం చాలు. ఏ ఆకురసాలూ కంట్లో పోయవద్దు. చెవిపోటు వస్తే నూనె పోయవద్దు. లోపలి పొర చిల్లుపడి ఉంటే అది హాని చేస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత గోరువెచ్చని నీటితో స్నానం, పలుచని జావ లేదా చారన్నం, పడుకునేముందు అరికాళ్ళకు కొబ్బరినూనె లేదా నువ్వులనూనె మర్దనం. మరునాడు మరొక ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇంటి వైద్యం ఎక్కడ ఆపాలి?

దీనిని నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను గనుక గట్టిగా చెబుతున్నాను. మూత్రంలో మంట మాత్రమే ఉండి జ్వరం లేకపోతే, బార్లీ నీరు, ఎక్కువ మంచినీరు తాగుతూ ఒక రోజు చూడవచ్చు. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, చిన్నపిల్లలు ఆ ఒక్క రోజు కూడా ఆగకుండా పరీక్ష చేయించుకోవాలి. చలిజ్వరం, నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం, వాంతులు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎవరైనా సరే కషాయం కాచుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎండలో ఉన్నవారికి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతున్నట్లుంటే అది వడదెబ్బ. కొందరికి చెమట ఆగిపోతుంది, కొందరికి పడుతూనే ఉంటుంది. చెమట ఉన్నదిగదా అని ఉపేక్షించరాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీటితో తడుపుతూ విసరాలి. స్పృహలేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. 108కి ఫోను చేయాలి. పసిపిల్లలు ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడ్చినప్పుడు కన్నీరు రాకపోయినా ఆలస్యం చేయరాదు.

చివరిగా

మా గురువుగారు శిష్యులమైన మమ్మల్ని భీష్మైకాదశినాడు అంతర్వేది తీర్థానికి ఎడ్లబండి మీద తీసుకువెళ్ళేవారు. మాకు ఎంత త్వరగా సముద్రం చూద్దామా అన్న ఆత్రం. ఆయన మాత్రం కోసుకొక చోట, చెట్టునీడ చూసి బండి ఆపించేవారు. "దిగండి. నీళ్ళు తాగండి. అటు వెళ్ళి రండి" అనేవారు. "అవసరం లేదు గురువుగారూ" అంటే ఒప్పుకునేవారు కాదు. "అవసరం వచ్చాక ఆపితే అది బండి ఆపడం కాదు, రోగాన్ని ఎక్కించుకోవడం" అనేవారు. ఆయనతో వెళ్ళిన అన్ని యాత్రలలో మాలో ఒక్కరమూ జబ్బుపడలేదు. అప్పట్లో అది ఆయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం.

కిందటి డిసెంబరులో మళ్ళీ ఆరుగురం వెళ్ళాము. ఆదివారం కాదు, బుధవారం. తెరిచే వేళకే చేరుకున్నాము. మనవడు ఎక్కదలచిన రైడ్లలో మూడు మిగిలిపోయాయి. గంట కొట్టినట్లుగా గంటకొకసారి నేను అందరినీ పోగుచేస్తుంటే వాడు మొదట విసుక్కున్నాడు. మధ్యాహ్నానికి వాడే ముందుగా వచ్చి, నానమ్మ చేతికి నీళ్ళ సీసా ఇచ్చి, "నానమ్మా, నువ్వు వెళ్ళిరా. వరుసలో నేనుంటాను" అన్నాడు.

ఆమె వెళ్ళి వచ్చేసరికి వాడి వంతు దగ్గరపడింది. వెనక ఉన్నవారిని ముందు వెళ్ళనిచ్చి, ఆమె వచ్చిన తరువాతనే ఇద్దరూ కలిసి ఎక్కారు. అది పసిపిల్లలు ఎక్కే చిన్న రంగులరాట్నం. ఆ రాత్రి ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు.